ముసలాయన

మా తాత మొసలిని మొసలి అనేవాడు కాదు. నీళ్ల మీద ఉన్నంతసేపూ ‘ముసలాయన’ అనేవాడు. ‘ముసలాయన అవతలి గట్టున ఎండ కాగుతున్నాడు, పుట్టి ఇటు తిప్పు’ అంటే మా నాన్న మారుమాట లేకుండా తెడ్డు మార్చేవాడు. ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే చాలు, నీళ్లలో జంతువు కాస్తా ఇంటి పెద్ద అయిపోతుంది. అది భయమో, మర్యాదో, ఉత్త మాటల చమత్కారమో నేను అడగలేదు. ఒడ్డుకు చేరి, వల ఆరేసి, చుట్ట వెలిగించాక మాత్రం మర్యాద అంతా పోయేది. ‘దొంగ మొసలి, మళ్లీ వల చింపింది’ అని ఊరంతా వినబడేలా తిట్టేవాడు.

మాది విశాఖ తీరం. నాగార్జునసాగర్ కట్టి, నీళ్లు నిండాక, చేపలు బాగా పడుతున్నాయని విని అటువైపు పల్లెల నుంచి చాలా కుటుంబాలు సాగర్ ఒడ్డుకు చేరాయి. మా తాత కూడా అలా వచ్చినవాడే. సముద్రం మీద తెప్ప నడిపిన మనిషికి గిరగిరా తిరిగే పుట్టి మొదట్లో బొత్తిగా లొంగలేదట. మొసళ్ల సంగతీ అంతే, అలవాటు కావడానికి కొన్నేళ్లు పట్టింది. అయితే సాగర్‌లోవి మగ్గర్లు, మంచినీటి మొసళ్లు. మనిషి జోలికి రావడం అరుదు. తాత బాధల్లా వల గురించే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, 2011 జూన్‌లో నేను వైద్యం చదవడానికి ఫిలిప్పీన్స్ వెళ్లినప్పుడు, అక్కడా నా వెంట ఈ ముసలాయన వస్తాడని అనుకోలేదు.

నేను చేరింది దవావ్ నగరంలో. మిండనావో దీవిలో పెద్ద ఊరు. అప్పటికే అక్కడ తెలుగు పిల్లలు బోలెడుమంది. ఏ వీధిలో నడిచినా పోపు వాసన తగిలేది, అర్ధరాత్రి ఏదో ఒక గదిలో ఆవకాయ సీసా మూత తీసిన చప్పుడు వినిపించేది. నల్లగొండ కుర్రాడు ఒకడూ నేనూ కలిసి ఒక ఇంటి మేడ మీద గది తీసుకున్నాం. కింద ఇంటి యజమానురాలు ఉండేది. అందరూ ఆమెను ‘ఆతే’ అనేవారు. అక్కడి మాటలో అక్క అని అర్థం. మేమూ ఆతే అనే పిలిచాం. రోజుకు రెండుసార్లు అన్నం తినే దేశమని మేం ఆశపడి వెళ్తే, అక్కడ మూడుపూటలా అన్నమే. పొద్దున్నే వెల్లుల్లి వేసి వేయించిన అన్నం. అప్పుడే నాకు ఆ దేశం మీద నమ్మకం కుదిరింది.

ఆతే పుట్టిల్లు అదే దీవిలో, అగుసాన్ డెల్ సుర్ అనే రాష్ట్రంలోని బునవాన్ పక్కన. సెప్టెంబరు మొదటి వారంలో ఒక ఆదివారం పొద్దున, మేం బట్టలు ఉతుక్కుంటుంటే కింది నుంచి ఆమె కేక వినిపించింది. దిగి వెళ్లేసరికి టీవీ ముందు నిలబడి ఉంది. తెర మీద మట్టిలో ఒక మొసలి. దాని పక్కన మనుషులు బొమ్మల్లా ఉన్నారు. మొదట నేను కెమెరా మాయ అనుకున్నాను. ఆతే మాత్రం దాన్ని చూడటం లేదు. తాడు పట్టుకున్నవాళ్ల ముఖాలు వెతుకుతోంది. ‘అదిగో మా తమ్ముడు’ అంది. అంతలోనే కెమెరా వేరే వైపు తిరిగిపోయింది.

అదే లోలోంగ్. ముందు రోజు, అంటే 2011 సెప్టెంబరు 3 శనివారం, బునవాన్‌లోని న్యువా ఎరా దగ్గర వాగులో దొరికింది. ఆ రోజుల్లో ఆ దేశంలో దాని పేరు తెలియని మనిషి లేడు. పేరులో ఉన్న సంగతి మాత్రం నాకు తర్వాత తెలిసింది. మొసళ్లను పట్టడానికి పలావన్ దీవి నుంచి వచ్చిన బృందంలో అనుభవమున్న వేటగాడు ఒకాయన ఉండేవాడు. ఆయన్ని అందరూ లోలోంగ్ అనేవారు. వేట సాగుతుండగానే, మొసలి దొరకడానికి కొద్ది రోజుల ముందు, గుండెపోటుతో చనిపోయాడు. తోటివాళ్లు దొరికిన మొసలికి ఆయన పేరు పెట్టారు. మన దగ్గర ఎవరైనా అలా పెడితే ఇంటివాళ్లు కర్రలు పట్టుకుని వస్తారేమో. అక్కడ అది గౌరవం.

ఆ పేరు వినగానే నాకు తట్టింది వేరే. అక్కడ తాతను ‘లోలో’ అంటారు. ఆ రాత్రి కార్డు గీకి ఇంటికి ఫోను చేశాను.

‘తాతా, ఇక్కడ మీ ముసలాయన దొరికాడు. ఇరవై అడుగులట.’

‘అడుగులు నాకెందుకురా, ఎన్ని బారలు?’

తాడైనా, నీటి లోతైనా, వల పొడవైనా తాతకు అన్నీ బారల్లోనే. రెండు చేతులూ చాపితే ఒక బార. నేను లెక్క వేసి మూడున్నర అన్నాను. అవతల కాసేపు మాట లేదు. ‘కొలిచినవాడు పొట్టి అయ్యుంటాడు’ అన్నాడు తాత. ‘పొట్టి చేతులతో కొలిస్తే పిల్లి కూడా బారెడు ఉంటుంది.’

నవంబరు 1న అక్కడివాళ్లు ‘ఉందాస్’ చేసుకుంటారు. చనిపోయినవాళ్ల సమాధుల దగ్గరకు వెళ్లి, దీపాలు పెట్టి, అక్కడే కూర్చుని తిని, కబుర్లు చెప్పుకుంటారు. ఎక్కడెక్కడి వాళ్లూ సొంతూళ్లకు పోతారు, బస్సుల్లో కాలు పెట్టే చోటు ఉండదు. ఆతే వెళ్తూ మమ్మల్ని రమ్మంది. మా ఇద్దరికీ మొసలి మీద ఎంత ఆశ ఉందో ఆమెకు తెలుసు. బుతువాన్ వెళ్లే బస్సులో తగుమ్, మోంకాయో, ట్రెంటో దాటి బునవాన్‌లో దిగేసరికి నడుములు విరిగిపోయాయి. అక్కడి నుంచి హబల్-హబల్. ఒక మోటారుసైకిలు మీద నలుగురైదుగురిని ఎక్కించుకునే ఏర్పాటు అది. నల్లగొండ కుర్రాడు దారి పొడవునా కళ్లు మూసుకునే ఉన్నాడు.

ఊళ్లో మమ్మల్ని చూడగానే ఒక ముసలావిడ గబగబా లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఆతే పడీ పడీ నవ్వింది. ఆ దేశంలో భారతీయుడంటే ‘బుంబాయ్’. మోటారుసైకిలు మీద ఊరూరా తిరిగి, అయిదు ఇచ్చి ఆరు వసూలు చేసే వడ్డీ వ్యాపారి అన్నమాట. ఆవిడ మమ్మల్ని చూసి బాకీ వసూలుకు వచ్చారనుకుంది! వడ్డీకి ఇచ్చేంత డబ్బు ఉంటే మేం ఆ దేశానికే వచ్చేవాళ్లం కాదని ఎలా చెప్పడం?

ఆతే తమ్ముడిని ‘కుయా’ అని పిలిచాం. అన్న అని అర్థం. ఆయనది చేపలు పట్టే పని. పొట్టిగా, గట్టిగా, మోచేతుల దాకా నల్లబడిన చర్మంతో మా నాన్నలాగే ఉన్నాడు. సాయంత్రం నిప్పుల మీద కాల్చిన చేప పెట్టాడు. ‘హలువాన్’ అన్నాడు. తోలు, తల చూడగానే గుర్తుపట్టాను, మన కొర్రమీను! వెనిగర్‌లో పచ్చిమిరప చిదిమి అందులో ముంచుకుని తిన్నాం. మా ఇంట్లో కొర్రమీనును అలా చేస్తే మా అమ్మ రెండు రోజులు మాట్లాడదు. కానీ బాగుంది.

మర్నాడు కుయా మమ్మల్ని పడవలో చిత్తడి నేలల అంచు దాకా తీసుకెళ్లాడు. అగుసాన్ నది మధ్యలో పరుచుకున్న చిత్తడి అది. పధ్నాలుగు వేల హెక్టార్ల పైమాటే, ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలలను గుర్తించే రామ్‌సార్ జాబితాలోకి 1999లో ఎక్కింది. చూస్తే చెరువా, అడవా, పచ్చికబయలా అర్థం కాదు. అన్నీ ఒకదాని మీద ఒకటి కూర్చున్నట్టు ఉంటుంది. లోపల మనోబో తెగవాళ్లు దుంగల మీద ఇళ్లు కట్టుకుని ఉంటారు. వానాకాలంలో నీళ్లు లేస్తే ఇళ్లూ లేస్తాయి, తగ్గితే దిగుతాయి. నీళ్లు కాఫీరంగులో ఉన్నాయి. గుర్రపుడెక్క అడ్డం పడి తెడ్డు ఆడటం లేదు. అలాంటి నీళ్లలో మూడున్నర బారల జంతువు ఉంటే మనకు కనిపించేది ముక్కు కొన, కళ్లు, అంతే. అదీ అది తలచుకుంటేనే.

దాన్ని ఉప్పునీటి మొసలి అంటారు గాని, ఉప్పు లేకపోయినా దానికి లోటేమీ లేదు. నదులు పట్టుకుని ఎంత పైకైనా వస్తుంది. ఆ చిత్తడిలో ఎన్నేళ్ల నుంచి ఉందో! వయసు యాభైకి తగ్గదని అంచనా వేశారు. అంటే కుయా పుట్టక ముందు నుంచీ అది ఆ నీళ్లలోనే ఉందన్నమాట.

ఆ ఏడాది ఊళ్లో ఒక జాలరి కనబడకుండా పోయాడు. అంతకు రెండేళ్ల ముందు పన్నెండేళ్ల పిల్ల చనిపోయింది. ఆ పిల్ల గురించి కుయా ఎక్కువ చెప్పలేదు, మేమూ అడగలేదు. గేదెలు మాయమవుతూ వచ్చాయి. చేపలు పట్టేవాళ్లు రాత్రి వలలు వేయడం మానేశారట. పగలు వేసినా ఇద్దరిద్దరుగా వెళ్లేవారు. రాత్రి వల వేయకపోతే పొద్దున్న అమ్మడానికి ఏముంటుంది? ఒక్క వానాకాలం సాగర్ గేట్లెత్తి మా వలలు ఆగిపోతేనే ఇంట్లో ఏమయ్యేదో నాకు తెలుసు. ఇక్కడ నెలల తరబడి అదే పరిస్థితి.

పలావన్ బృందం వచ్చాక మూడు వారాలు పట్టింది. మాంసం ఎరగా పెట్టి ఉచ్చులు పన్నారు. వేసిన ఉచ్చులను అది తెంపుకుని పోయింది. కుయాకు అన్నిటికన్నా గుర్తున్నది ఆ తెగిన తాడేనట. ‘మేం పడవలు లాగే తాడు అది’ అన్నాడు. ‘దారం తెంపినట్టు తెంపింది.’ చివరికి లావుపాటి ఇనుప తీగ తాడు వాడారు. అందులో చిక్కింది.

‘అప్పుడు ఏం చేశారు?’ అన్నాడు నల్లగొండ కుర్రాడు, ముందుకు వంగి.

‘ఏం చేస్తాం, లాగాం’ అన్నాడు కుయా.

వందమంది దాకా లాగారు. కుయా తన రెండు అరచేతులూ చూపించాడు. మచ్చలు ఇంకా పోలేదు. మొదట ఎంత లాగినా కదలలేదట, నీళ్లలో చెట్టు మొద్దును లాగుతున్నట్టు ఉందట. ఉన్నట్టుండి అది దొర్లింది. తాడు పట్టుకున్న ముందు వరసవాళ్లంతా బురదలో బోర్లాపడ్డారు. అప్పుడు ఎవరో నవ్వారని, ఆ నవ్వు మొదలుపెట్టినవాడు ఎవరో ఇప్పటికీ తెలియదని అన్నాడు. అంత భయంలోనూ నవ్వొచ్చిందట. నోరు కట్టేశాక కూడా దగ్గరికి పోవడానికి చాలామంది వెనకాడారు. మొసలి దవడ మూసే బలం ఎంతటిదో, తెరిచే బలం అంత తక్కువ. తాడుతో బిగిస్తే తెరవలేదు. అది కుయాకూ తెలుసు. ‘తెలుసు. కాళ్లకు తెలియదు’ అన్నాడు. ఒడ్డుకు చేర్చాక క్రేనుతో ఎత్తి లారీలో వేశారు. తూకం 1,075 కిలోలు.

ఈ సంగతి నాకు తర్వాత, శరీరధర్మశాస్త్రం చదువుతున్నప్పుడు మళ్లీ గుర్తొచ్చింది. పెద్ద మొసలి పెనుగులాడితే ఒంట్లో లాక్టిక్ ఆమ్లం విపరీతంగా పేరుకుంటుంది. అది దిగడానికి గంటలు పడుతుంది. వేటలో దెబ్బ ఏమీ తగలకుండానే, పట్టుకున్న తర్వాత చచ్చిపోయే పెద్ద మొసళ్లు ఉన్నాయి. అంటే ఆ రాత్రి తాడుకు ఇవతలవాళ్లే కాదు, అవతలిదీ చావుకు దగ్గరగానే ఉంది. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే బాగా రాసేవాణ్ణి. రాలేదు.

కక్కించి, కడుపులో ఏముందో చూశారు. మాయమైన గేదెల తాలూకు ఆనవాళ్లు దొరికాయి. మనిషి తాలూకు ఏమీ దొరకలేదు. ఇది చెప్పేటప్పుడు కుయా గొంతు తగ్గించాడు. దొరికి ఉంటే ఆ ఇంటివాళ్లు ఏడ్చి ఊరుకునేవారు. దొరకలేదు కాబట్టి ఊళ్లో రెండు మాటలు పుట్టాయి. ఇది చేయలేదు అని ఒక మాట. దీనికన్నా పెద్దది ఇంకొకటి లోపల ఉంది అని రెండోది. రెండో మాట పత్రికల్లోనూ వచ్చింది. మేం కూర్చున్న పడవ అంచు నీటికి జానెడు ఎత్తున ఉంది. నా చెయ్యి నీళ్లలో ఆడిస్తున్నానని అప్పుడు గమనించుకుని లోపలికి తీసుకున్నాను.

ఆ సాయంత్రమే పార్కుకు వెళ్లాం. ఊరి మేయరు ఆ మొసలిని పెట్టుకుని బునవాన్‌ను పర్యాటక కేంద్రం చేయాలని చూస్తున్నాడు. దాన్ని మళ్లీ నీళ్లలోకి వదలమని జంతుప్రేమికులు గొడవ చేస్తున్నారు. టికెట్టు కొని, వరసలో నిలబడి, కంచె దగ్గరికి చేరాం. సిమెంటు గోడలు, ఒక మడుగు. సగం నీళ్లలో, సగం బయట పడుకుని ఉంది. ఎవరో పిల్లవాడు ఈల వేశాడు. కదల్లేదు. నల్లగొండ కుర్రాడు ‘ఇది బతికే ఉందా?’ అన్నాడు తెలుగులో. నేను దాని పక్కటెముకల దగ్గర చూశాను. చాలాసేపటికి ఒకసారి ఉబ్బి, దిగింది. నీళ్లలో ఏనుగును లాగేది బయట కుక్కకు లోకువ అని చిన్నప్పుడు బడిలో చెప్పారు. అది గుర్తొచ్చింది గాని, ఆ మాట అనాలనిపించలేదు. నిజానికి అంతకన్నా చిన్న ఆలోచన వచ్చింది. దాని వెన్ను మీద పొలుసుల వరస, మా తాత నడుం వంచి వల బాగుచేస్తున్నప్పుడు చొక్కా కింద కనిపించే వెన్నెముకలా ఉంది.

కుయా లోపలికి రాలేదు. గేటు బయటే సిగరెట్టు కాలుస్తూ నిలబడ్డాడు. తాడు లాగిన మనిషి టికెట్టు కొనడమేమిటి అని కోపమనుకున్నాను. అది కాదట. మనోబో వాళ్లలో కొందరికి మొసళ్లు పెద్దల ఆత్మలు, నీటికి కాపలా ఉండేవి. కుయా భార్య తరఫు పెద్దావిడ మనోబో. ‘పెద్దవాళ్లను గోడల మధ్య పెట్టి చూడటానికి డబ్బు తీసుకుంటారా’ అని ఆమె అన్నదట. కుయా చర్చికి వెళ్లే మనిషి. అయినా లోపలికి పోలేదు. పూర్వం మనీలా వైపు ఉండే తగలోగులు కూడా మొసలిని ‘నోనో’, అంటే తాత, అనేవారని స్పానిష్ మతబోధకులు రాసిపెట్టారు. ఆ సంగతి నేను చాలా ఏళ్ల తర్వాత చదివాను. చదివినప్పుడు సాగర్ మీద పుట్టిలో మా తాత గొంతు వినిపించింది. ఇప్పటి ఫిలిప్పీనో మాటలో ‘బువాయా’ అంటే మొసలి. లంచాలు మింగే అధికారికి కూడా అదే మాట. తాత నుంచి లంచగొండి దాకా! ఏ దేశంలోనైనా మొసలి పరువు ఇలాగే పడిపోతుందేమో.

ఆ నవంబరులోనే నిపుణులు మత్తు ఇచ్చి సరిగ్గా కొలిచారు. 6.17 మీటర్లు. బంధనంలో ఉన్న మొసళ్లలో ప్రపంచంలోకెల్లా పెద్దదని మర్నాటి ఏడాది గిన్నిస్ వాళ్లు ప్రకటించారు. అంతకు ముందు ఆ స్థానం ఆస్ట్రేలియాలో ఉన్న కాషియస్ అనే మొసలిది. తాతకు ఫోను చేసి చెప్పాను. ‘ఎవరైనా చెయ్యి చాపి కొలిచారా, టేపుతోనా?’ అన్నాడు. టేపుతో అన్నాను. ‘టేపులు సాగుతాయి’ అన్నాడు.

2012 డిసెంబరులో పాబ్లో తుఫాను వచ్చి మిండనావో తూర్పు భాగమంతా ఊడ్చేసింది. ఆతే పుట్టింటి పైకప్పు ఎగిరిపోయింది. మేం పిల్లలమంతా బియ్యం, దుప్పట్లు పోగుచేసి ఇచ్చాం. అప్పుడు మొసలి సంగతి ఎవరికీ గుర్తులేదు. 2013 ఫిబ్రవరి 10 రాత్రి లోలోంగ్ చనిపోయింది. దొరికి ఏడాదిన్నర కూడా కాలేదు. న్యుమోనియా, శిలీంధ్ర వ్యాధి, గుండె ఆగిపోవడం, ఒత్తిడి అని రకరకాలుగా రాశారు. ఊరివాళ్లు ఏడ్చారని మేయరు చెప్పాడు. అడవి దేవతలకు కోడిని, పందులను బలి ఇచ్చి కర్మ చేస్తారని పత్రికల్లో వచ్చింది. ఆతే ఫోను పెట్టేసి వంటింట్లోకి పోయి చాలాసేపు గిన్నెలు తోమింది. ‘మీవాళ్లకు ఇక భయం లేదు కదా’ అన్నాను, ఏదో ఒకటి అనాలని. ‘భయం ఎప్పుడో పోయింది. ఇప్పుడు మేం ఎవరికీ తెలియం’ అంది. దాన్ని చూడటానికి వచ్చిన జనానికి మంచినీళ్లూ, పళ్లూ, టోపీలూ అమ్మినవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. కుయా మాత్రం అప్పటికి చాలా రోజులుగా రాత్రి వలలు వేస్తున్నాడు. ఇంకొకటి ఉందన్న మాట ఎవరూ మరిచిపోలేదు. అయినా వేస్తున్నాడు.

2019లో పత్రాల పని మీద మనీలా వెళ్లాను. ఒక పూట ఖాళీ దొరికింది. జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియానికి వెళ్లాను, ప్రవేశం ఉచితం కదా. లోలోంగ్ అస్థిపంజరం పైనుంచి వేలాడుతోంది. మాంసం, కోపం, బురద ఏమీ లేకుండా, ఈదుతున్నట్టు. అప్పటికి మా తాత పోయి మూడేళ్లు.

చుట్టూ ఎవరూ లేరనుకుని, ముక్కు కొన కింద నేల మీద నిలబడి రెండు చేతులూ చాపాను. ఒక బార. జరిగి మళ్లీ చాపాను. రెండు. అప్పుడు గార్డు వచ్చాడు. ఏం చేస్తున్నారు సార్ అన్నాడు. మా లోలో జాలరి, దీని పొడవు బారల్లో చెప్పమన్నాడు అని వచ్చీరాని తగలోగ్‌లో చెప్పాను. ఆయన నన్నూ, పైన ఎముకలనూ చూశాడు. అటూ ఇటూ చూసి, నేను ఆపిన చోట నిలబడి తన చేతులు చాపాడు. మూడు. అక్కడి నుంచి తోక చివరకు సగం బార కన్నా కొంచెం ఎక్కువే వచ్చింది.

గార్డు పొట్టివాడు. తాత ఆ కొలత ఒప్పుకునేవాడు కాదు.